జత తప్పిన అచ్చు

తల వంచి రండి. పెంకుల చూరు బాగా కిందికి ఉంటుంది. చెప్పులు ఇవాళ గుమ్మం బయట వదలకండి, చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చేయండి. సాయంత్రానికి వీధిలో నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయో ఎవరికీ తెలీదు.

2023 డిసెంబరు 4, కార్తీక సోమవారం. పెడనలో మా బాబాయి అద్దకం కార్ఖానా ఇది. బందరు రేవు ఇక్కణ్ణించి కనపడదు గానీ, తూర్పు గాలి తిరిగితే మాత్రం పెదాల మీద ఉప్పగా తెలుస్తుంది. పొద్దుట్నించీ అదే గాలి. లోపల మామూలు వాసనలే: కరక్కాయ వగరు, గేదెపాలు పట్టించిన గుడ్డల కమురు, కుండల్లో తుప్పు ఇనుమూ బెల్లమూ కలిసి పులుస్తున్న ఘాటు. ఏడు అద్దకం బల్లల్లో ఒక్కదాని దగ్గరా మనిషి లేడు. అద్దకంగది ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అచ్చు వీపు మీద అరచేత్తో కొట్టే చప్పుడు లేకపోతే ఈ ఇల్లు మరెవరిదోలా ఉంది.

ముందుగదిలో టీవీ నడుస్తోంది. మిచౌంగ్ తుపాను నెల్లూరుకూ మచిలీపట్నానికీ (అంటే మా బందరుకీ) మధ్య, బాపట్ల దగ్గర్లో, రేపు తీరం దాటుతుందట. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసురు 110 దాకా. బాబాయి రెండు నిమిషాలు నిలబడి విన్నాడు. తర్వాత రిమోట్ తీసుకుని కట్టేశాడు.

"విన్నంత చాలు. ఆ తాళ్లందుకో."

చెక్క బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు ఒక అట్ట అతికించి ఉంది. పోయిన ఎండాకాలం, పని తక్కువగా ఉన్న ఒక మధ్యాహ్నం, తీరుబడిగా కూర్చుని రాసిన పట్టీ అది. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు ఏది మొయ్యాలి, ఎక్కడ పెట్టాలి. మొదటి మాట: అచ్చులు. రెండోది: పుస్తకాలు. మూడోది: హైడ్రో డబ్బా. చీరలూ తానులూ నాలుగో చోట ఉన్నాయి.

బాబాయి కొడుకు, మా చిన్నోడు, దాని ముందు నిలబడి తల గోక్కున్నాడు. "నాన్నా, చీరలు శుక్రవారానికి పార్టీకి పంపాలి. డబ్బంతా వాటి మీదే ఉంది. ముందు అవి కట్టేస్తే పోయేది కదా."

"ఏడు నెలల కిందట ఎండలో కూర్చుని రాశాన్రా ఇది. అప్పుడు నాకు భయం లేదు. ఇప్పుడుంది. అందుకని ఇప్పటి నా మాటా వద్దు, నీ మాటా వద్దు. అందులో ఉన్నట్టు చెయ్యి."

చీరలు నాలుగో చోట ఎందుకున్నాయో అచ్చు చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. ఇదిగో, పట్టుకోండి. టేకు చెక్క, రెండంగుళాల మందం. ఇది చిలక తీగ. దీని మీద గీతలు మాత్రమే ఉన్నాయి, నల్లరంగుకి ఇది. చిలక ఒళ్లు నింపడానికి రెండో అచ్చు, ముక్కుకీ పువ్వుకీ మూడోది, వెనక నేల నింపడానికి నాలుగోది. నాలుగూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటేనే గుడ్డ మీద చిలక లేస్తుంది. నాలుగింటిలో ఒకటి పోయినా, ఒకటి నీళ్లు తాగి వంగినా, మిగతా మూడూ చెక్కముక్కలే. చెక్కేవాళ్లు ఇప్పుడు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. పాత జతకి కొత్త అచ్చు సరిగ్గా కుదిరేలా చెక్కడం కొత్త డిజైను చెక్కడం కన్నా కష్టమని వాళ్లే అంటారు.

ఈ ఇంట్లో అచ్చులు 800 పైచిలుకు.

పనివాళ్లు వచ్చేశారు. వాళ్ల ఇళ్లలో సర్దుకోవడానికి మధ్యాహ్నం రెండింటికల్లా వదిలెయ్యాలని కూడా ఆ పట్టీలో ఉంది, అన్నిటికన్నా పైన, ఎర్రసిరాతో. నాకు ఈ కాగితంలో అన్నిటికన్నా నచ్చిన మాట అదే.

ప్రతి అచ్చు వెనకా తెల్లరంగుతో నంబరు వేసి ఉంది. 41-1, 41-2, 41-3. మొదటిది డిజైను, రెండోది జతలో దాని స్థానం. ఒక్కో జతని పాత మెత్తని గుడ్డలో చుట్టి, జతంతా కలిపి ఒకే మూట కడుతున్నాం. పాలిథీన్ పైన మాత్రమే, అదీ వదులుగా. నేరుగా పాలిథీన్‌లో బిగించి కడితే చెక్కలో ఉన్న చెమ్మే లోపల ఆవిరై బూజు పడుతుందని పిన్ని చెప్పింది. మూటలు చేతులు మారుతూ వీధి దాటి పక్కింటి డాబా మీది గదికి పోతున్నాయి. వాళ్లది స్లాబు, మాది పెంకుటిల్లు. వాళ్ల మేడగదిలో మా అచ్చులకి చోటు, మా రాగి గుండిగలో వాళ్ల గుడ్డల ఉడుకు. ఈ ఒప్పందం కూడా ఎండాకాలంలోనే, టీ తాగుతూ అయిపోయింది. తుపాను ముందురోజు వెళ్లి అడిగితే ఎవరిళ్లలో వాళ్లకే చోటుండదు.

తుపానులో ఉన్న చిక్కు ఇదే: నీళ్లు కిందనుంచీ వస్తాయి, పైనుంచీ వస్తాయి. వరదొక్కటే అయితే అటక మీదికెక్కించి ఊరుకోవచ్చు. వానొక్కటే అయితే మంచాల కింద పెట్టుకోవచ్చు. పెంకు ఒకటి లేచిందంటే అటక కూడా నేలతో సమానం.

మామ్మ గడపలో కూర్చుని మూటలు లెక్కపెడుతోంది. మూటకి ఒక చింతగింజ పక్కన పెడుతోంది. గోడకి మేకు మీద వేలాడుతున్న ఒక అచ్చు వైపు చూపించి, "దాన్నీ కట్టండ్రా" అంది.

"అది ఒంటిది కదమ్మా" అన్నాడు బాబాయి.

"ఒంటిదైనా కట్టు."

చిన్నప్పట్నించీ ఆ అచ్చుని చూస్తున్నాను. తామరపువ్వు, చుట్టూ చేపలు. గీతల అచ్చు మాత్రమే ఉంది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన మింగిన రోజున, ఇక్కడ పెడనలో ఇంట్లోకి నీళ్లు జొరబడ్డాయట. బాబాయికి అప్పుడు నాలుగేళ్లు. మామ్మ వాణ్ణి చంకనేసుకుని అరుగు మీద నిలబడి చూస్తుండగా, అరల్లోని అచ్చులు ఒక్కొక్కటే లేచి, తేలి, గుమ్మం దాటిపోయాయట. "చెక్క కదరా. మునగలేదు. పడవల్లాగ పోయాయి. మునిగినా బాగుండేది, అక్కడే దొరికేవి." నీళ్లు తీశాక తాతయ్య పొలాల వెంట, తుమ్మ కంపల్లో, వారం రోజులు ఏరుకొచ్చాడు. తామరపువ్వుకి గీతల అచ్చు దొరికింది. నింపే అచ్చులు రెండూ దొరకలేదు. ఆ డిజైను మళ్లీ గుడ్డెక్కలేదు.

తాతయ్యని తప్పు పట్టే అర్హత నాకు లేదు. దివిసీమలో పదివేల ప్రాణాలు పోయిన రాత్రి అది. పిల్లల్ని పట్టుకుని బతకడమే పని. అందుకే అచ్చుల సంగతి ఆ రాత్రికి ముందే తేలిపోయి ఉండాలి. ఈ తీరానికి ఉప్పెన కొత్తా కాదు. గోల్కొండ కాలం నుంచి పర్షియాకీ డచ్చివాళ్లకీ అద్దకం గుడ్డలు ఎగుమతి చేసిన బందరు మీద 1864 నవంబరు 1న సముద్రం విరుచుకుపడితే, ముప్ఫై వేలమంది దాకా పోయారని చరిత్ర. ఆ పోయినవాళ్లలో రంగులు కలిపేవాళ్లు ఎంతమందో, వాళ్లతోపాటు ఏ డిజైన్లు పోయాయో రాసిపెట్టినవాళ్లు లేరు.

బాబాయి ఆ తామర అచ్చు మేకు మీంచి తీసి, వేరే గుడ్డ వెతికి, దానికి విడిగా మూట కట్టాడు. మామ్మ ఒక చింతగింజ పక్కన పెట్టింది.

ఇక పుస్తకాలు. నన్ను బెజవాడ నుంచి రమ్మన్నది వీటి కోసమే. రంగుల లెక్కల పుస్తకం: ఏ ఎరుపుకి పటిక ఎంత, మంజిష్ఠ ఎంత, ఎంతసేపు ఉడకాలి. నమూనా పుస్తకం: ప్రతి డిజైనుదీ గుడ్డముక్క అంటించి, కింద నంబరు. సరుకు రిజిస్టరు. పాలసీ కాగితం, చేతివృత్తి గుర్తింపు కార్డు, ఉద్యమ్ సర్టిఫికెట్. ప్రతి అచ్చుకీ ముఖమూ వెనకా, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలు చిన్నోడి ఫోన్‌లో ఉన్నాయి, నా ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయి. ఒక కప్పు కింద ఒకే కాపీ ఉంటే అది కాపీ కిందకి రాదు. పుస్తకాలన్నీ రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి మూతలకి టేపు చుట్టాం. అవి నాతో ఉంటాయి.

సరుకు రిజిస్టరు సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక వానకి ఇంట్లోకి నీళ్లొచ్చి నలభై తానులు పాడైతే, ఒక బీమా కంపెనీ మనిషి వచ్చి, "నలభై ఉన్నాయని రుజువేంటి?" అన్నాడు. బురదగుడ్డల కుప్ప చూపించాం. కుప్పకి లెక్క లేదన్నాడు. ఆ తర్వాత నష్టాల లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్ల కాగితంలో ఇల్లుంది, పొలముంది, పశువులున్నాయి. రంగుకుండకీ అచ్చుకీ గడి లేదు. బాబాయి ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు మాత్రం ప్రతి శనివారం రిజిస్టరు రాస్తాడు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే రకంగా ఇస్తున్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకున్నాడు. ఒకేచోట 5 కోట్లలోపు ఆస్తి ఉన్న చిన్న పనివాళ్లకి అది. తుపాను, వరద రెండూ అందులో ఉన్నాయి. అయితే తీసుకునేటప్పుడు "పనిముట్లు" అని ఒక్కమాట రాసి వదిలేస్తే తర్వాత వాదనే మిగులుతుంది. మా పాలసీకి అచ్చుల జాబితా జతచేసి ఉంది, జతకింతని ఖరీదు కట్టి. చేతిపని చేసే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క కాగితం ఉండాలని నాకు గట్టి పట్టుదల.

మధ్యాహ్నం ఒంటిగంట. సన్నటి జల్లు మొదలైంది, గాలికి అడ్డంగా పడుతోంది.

హైడ్రో డబ్బా దగ్గర బాబాయి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. నీలిరంగు తొట్టిలో వాడే తెల్లటి పొడి అది, సోడియం హైడ్రోసల్ఫైట్. దీనికి చెమ్మ తగిలితే తనంతట తనే వేడెక్కుతుంది, పొగలు కక్కుతుంది, మంట కూడా లేస్తుంది. వరదనీళ్లలో కొట్టుకుపోతున్న కొంపకి నిప్పంటుకోవడం వింతగా వినిపిస్తుంది గానీ, రంగులపని చేసేవాళ్లకి అందులో వింతేం లేదు. మూత బిగించి, పాలిథీన్ రెండు చుట్లు చుట్టి, గుడ్డలకీ కట్టెలకీ దూరంగా, పక్కింటి మేడమెట్ల కింద ఎత్తైన గూట్లో పెట్టాడు. కాస్టిక్ సోడా వేరే గూట్లో. ఆ తర్వాత మోటారు విప్పి పైకెత్తించాడు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో పిన్నికీ మామ్మకీ కూడా మళ్లీ ఒకసారి చూపించాడు.

నల్లరంగు కుండలు బరువు. వారాల తరబడి ఊరిన నీళ్లు, లోటాడు వాననీళ్లు కలిసినా పలచనైపోతాయి. మూతి మీద పళ్లెం పెట్టి, గుడ్డ కట్టి, ఇద్దరిద్దరం పట్టుకుని అరుగు మీదికి చేర్చాం. కరక్కాయ పొడి బస్తాలు, పటిక, దానిమ్మ తొక్కలు బల్లల మీదికి. కట్టెలు కూడా పైకే. కట్టెలు తడిస్తే వాన వెలిశాక రెండు వారాలు గుండిగ కింద మంట రాదు, తుపాను పోయాక కూడా కూలి పోతూనే ఉంటుంది.

ఇంకా పన్నెండు తానులు. మొన్న పటిక అద్దినవి, ఇంకా కాలవలో జాడించనివి. వీటిని చూస్తే నాకు నిజంగా గుండె పీకింది. మడిస్తే ఒకదాని మీదది ఇంకోదానికి అంటుకుంటుంది. ఆరేస్తే గాలిలో చెమ్మకి పటిక అంచులు దాటి పాకుతుంది. పాకినట్టు ఇప్పుడు తెలీదు. గుండిగలో ఎర్రరంగులో ఉడికాక, చిలక చుట్టూ మసక మసకగా తేలుతుంది. మధ్యగదిలో తాళ్లు కట్టి, మడత పడకుండా వేలాడదీసి, తలుపులు మూసేశాం. ఇంతకన్నా చేసేదేమీ లేదు. పట్టీలో వీటి గురించి "దేవుడి దయ" అని రాసి ఉంది, బాబాయి చేతిరాతతో.

రెండయింది. పనివాళ్లని పంపేశాడు. "చీరలు?" అన్నాడు చిన్నోడు. ఇంట్లోవాళ్లం అందరం కలిసి కడితే నలభై నిమిషాల్లో అయిపోయాయి. అచ్చుల పెట్టెలు మాత్రం రెండు మిగిలిపోయాయి. ట్రంకుపెట్టెలు, ఇద్దరు మనుషుల బరువు. అప్పటికి వీధిలో వాన గోడలా నిలబడింది. పట్టీలో దీనికీ దారి రాసి ఉంది: మిగిలినవి అటక మీదికి, పైన టార్పాలిన్. అలాగే చేశాం.

రాత్రి గురించి ఎక్కువ చెప్పను. పెంకులు ఊగే చప్పుడు విన్నవాళ్లకి తెలుసు, విననివాళ్లకి చెప్పినా తెలీదు. కరెంటు తొమ్మిదింటికి పోయింది. మామ్మ కార్తీకదీపం ఒక్కటి గూట్లో వెలిగించి, అది ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మర్నాడు, 5వ తేదీ మధ్యాహ్నం, తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గంటల్లోనే వెనకవైపు ఉడుకుపాక రేకు ఒకటి లేచి, పక్క ఖాళీ స్థలంలో పడింది. పెరట్లో మోకాలి కింది దాకా నీళ్లు, అద్దకంగదిలో జానెడు. అటక మీంచి టప్ టప్‌మని చినుకులు. బాబాయి పైకి చూశాడు, ఏమీ అనలేదు.

6వ తేదీ పొద్దున ఎండ.

చీపురందుకోబోయిన పిన్నిని బాబాయి ఆపాడు. ముందు ఫొటోలు. నీళ్ల గుర్తు గోడ మీద ఎక్కడిదాకా ఉందో, పక్కన స్కేలు పెట్టి. లేచిపోయిన రేకు, తడిసిన బస్తా, తేలుతున్న బల్లకాలు. అన్నీ అయ్యాక బీమా వాళ్లకి ఫోను. ఆ తర్వాతే చీపురు.

పక్కింటి డాబా మీంచి మూటలు మళ్లీ చేతులు మారుతూ వచ్చాయి. మామ్మ చింతగింజలు వెనక్కి జరుపుతోంది. అన్నీ పొడిగా ఉన్నాయి. పొడిగా ఉన్నాయి కదాని మూటలు అలాగే వదిలేస్తే ఈ చెమ్మకి రెండ్రోజుల్లో బూజు పడుతుంది. అన్నీ విప్పి, గాలాడేలా అరల్లో నిలబెట్టాం. పటిక తానులు తాళ్ల మీదే ఉన్నాయి. వాటి సంగతి గుండిగ చెప్పాలి. కాలవనీళ్లు ఎర్రగా, బురదగా ఉన్నాయి. తేరుకునేదాకా జాడింపు లేదు.

2018 ఆగస్టులో కేరళలో చేందమంగళం మగ్గాలు ఇలాగే మునిగాయి. ఓణం అమ్మకాలకని నేసి పెట్టుకున్న బట్టంతా బురదైంది. ఆ మరకల గుడ్డతో చేకుట్టి అని బొమ్మలు కట్టి అమ్మి, నేతవాళ్లకి డబ్బు చేర్చారు కొందరు మంచి మనుషులు. ఆ బొమ్మ ఒకటి నా బల్ల మీద ఉంది. బట్టకి అలాంటి రెండో బతుకు దొరకొచ్చు. అచ్చుకి దొరకదు.

చివరికి అటక. ఒక ట్రంకుపెట్టె పొడిగానే ఉంది. రెండోదాని మీద టార్పాలిన్ మడతలో నీళ్లు నిలిచి, మూతసందులోంచి దిగాయి. ఏడు అచ్చులు తడిశాయి. చిన్నోడు వాటిని ఎండలో పెట్టబోతే మామ్మ గట్టిగా అరిచింది. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి ఉండి చెక్క పగులుతుంది, వంగుతుంది. మంచినీళ్లలో మెత్తటి బ్రష్షుతో గీతల మధ్య మడ్డి తీసి, నీడన, అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా వరసగా పెట్టాం.

మధ్యాహ్నం దాకా ఆగి, బాబాయి ఆగలేక, వాటిలో ఒకదాన్ని తీసుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు. 62-2. మల్లెతీగ, నింపే అచ్చు. పాత గుడ్డముక్క పరిచాడు. ముందు 62-1 గీతలు అద్దాడు, అరచేత్తో ఒక్క దెబ్బ. మూడు రోజుల తర్వాత ఇంట్లో ఆ చప్పుడు. తర్వాత 62-2 మూలల గుర్తులు చూసుకుని ఆనించాడు, కొట్టాడు, ఎత్తాడు.

మేమందరం వంగి చూశాం. తీగ అంతా కూర్చుంది. కొసన ఉన్న మొగ్గ దగ్గర మాత్రం, రంగుకీ గీతకీ మధ్య దారప్పోగంత తెల్లటి సందు.

"ఇంకా తడి ఉంది కదా. ఆరాక సర్దుకుంటుందేమో" అంది పిన్ని.

బాబాయి జవాబు చెప్పకుండా ఆ గుడ్డముక్కని కత్తిరించి రిజిస్టరులో అంటించాడు. కింద రాశాడు: 62-2. తడిసింది. 6-12-23. సంక్రాంతి దాటాక మళ్లీ అద్ది చూడాలి.

లేచి బీరువా తలుపు తెరిచాడు. పట్టీలో "మిగిలినవి అటక మీదికి" అన్న మాట కొట్టేసి, పక్కన "పెట్టెలు వద్దు. ఒక మనిషి మోసే మూటలే. అన్నీ డాబాకే" అని రాశాడు. చిన్నోడు అప్పటికే నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు, ఊడిన పెంకు వెయ్యడానికి.